జైలు నుంచి వచ్చాక గాడిచర్ల

గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని మనవాళ్లు 'ఆంధ్ర తిలక్' అంటారు. పత్రికలో రాసిన రాతకు రాజద్రోహ నేరం మోపించుకుని ఖైదుకెళ్లిన తొలి ఆంధ్రుడిగా ఆయనను తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. అయితే ఆయన జీవితంలో అంతకన్నా పెద్ద పని జైలు నుంచి వచ్చాకే మొదలైందని నా అభిప్రాయం.

1883లో కర్నూలులో పుట్టారు. ఎం.ఏ. చదివి ఉపాధ్యాయ శిక్షణకు రాజమండ్రి వెళ్లారు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు ఆ ఊరిని ఊపేశాయి. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ మండిపడ్డాడు. గాడిచర్లను కాలేజీ నుంచి వెళ్లగొట్టారు, సర్కారు కొలువుకు దారి మూసేశారు. ఆ కాలంలో ఎం.ఏ. చదివినవాడికి దర్జా అయిన బతుకు చేతికందే దూరంలో ఉండేది. క్షమాపణ రాసిచ్చి దాన్ని దక్కించుకునే మనిషి కాదాయన. విజ్ఞానచంద్రికా గ్రంథమాల తొలి పుస్తకం, అబ్రహాం లింకన్ చరిత్ర, ఆయన రాసిందే. బానిసత్వాన్ని రద్దుచేసిన నాయకుడి కథను తెలుగువాళ్ల చేతికి ఎందుకిచ్చారో వేరే చెప్పాలా?

1908లో బెజవాడ నుంచి 'స్వరాజ్య' పత్రిక నడిపారు. ఆ మార్చిలో తమిళ స్వాతంత్ర్య యోధుడు చిదంబరం పిళ్లై అరెస్టుతో తిరునల్వేలి భగ్గుమంది. జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. పరాయి ప్రభుత్వాన్ని క్రూరమైన పులిగా నిందిస్తూ 'స్వరాజ్య' రాసింది. సెక్షన్ 124-ఎ కింద కేసు, చివరికి మూడేళ్ల శిక్ష, వేలూరు జైలు. అదే ఏడాది, అదే రాజద్రోహ నేరం మీద తిలక్‌ను మాండలే జైలుకు పంపారు.

జైలుకెళ్లొచ్చిన పేరొక్కటే చాలు, జీవితాంతం సభల్లో దండలు వేయించుకోవచ్చు. గాడిచర్ల అలా కూర్చోలేదు. 'ఆంధ్రపత్రిక'కు సంపాదకత్వం వహించారు. తర్వాత గ్రంథాలయోద్యమాన్ని భుజానికెత్తుకున్నారు. 1914లో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షులుగా ఉన్నారు. వయోజన విద్య కోసం పాటుపడ్డారు. రాజును ఎదిరించి రాసిన చెయ్యే పలక పట్టని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే పనికి పూనుకుంది. చదవగలిగే జనం లేనిదే స్వరాజ్యం నిలవదన్న గట్టి నమ్మకం ఉన్నవాడే ఈ రెండు పనులూ చేయగలడు. మొదటిదానికి తెగువ చాలు. రెండోదానికి ఓపిక కావాలి, చప్పట్లు లేకపోయినా సాగే పట్టుదల కావాలి. ఆ ఓపికే ఆయనలో నాకు ఎక్కువగా నచ్చే గుణం.

1960లో ఆయన కన్నుమూశారు. అదే ఏడాది రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆ చట్టం కిందే మనం ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఈ సంగతి రసీదు చేతిలో పట్టుకున్నవాళ్లకే చాలామందికి తెలియదు.

కశింకోట యువకులకు నాదొక విన్నపం. శారద ఒడ్డున ఉన్న మన ఊరు అనకాపల్లికి ఆనుకునే ఉంది, చదువుకున్నవాళ్లకు కొదవ లేదు. పోటీ పరీక్షల పుస్తకాల కోసం మన పిల్లలు పరుగులు తీస్తూనే ఉన్నారు. ఆ పుస్తకాలు గ్రంథాలయంలోనే దొరకాలంటే, వచ్చే గ్రామసభలో లేచి నిలబడి రెండు ప్రశ్నలు అడగండి: ఈ ఏడాది మన పంచాయతీ వసూలుచేసిన గ్రంథాలయ సెస్సు ఎంత? అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసింది ఎంత? జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించండి.

— శారదాతీరవాసి, కశింకోట