ప్రళయానికి టికెట్టు

‘2012’ సినిమాలో సూర్యుడి నుంచి వచ్చిన న్యూట్రినోలు భూగర్భాన్ని కుతకుతా ఉడికించేస్తాయి. నిజంలో అయితే మన బొటనవేలి గోరంత జాగాలోంచి సెకనుకు ఆరు వేల కోట్లకు పైగా న్యూట్రినోలు దూసుకుపోతూనే ఉన్నాయి. చెమట కూడా పట్టదు.

ఈ సంగతి తెలిసినవాళ్లకే ఆ సినిమా మజా ఎక్కువ. చాంద్రాయణగుట్టలో మా మిత్రుడొకాయన ఉన్నారు, పక్కనే కంచన్‌బాగ్ రక్షణ ల్యాబుల్లో పనిచేసి రిటైరయ్యారు. టీవీలో ‘ది కోర్’ వేస్తే ఆయన్ని భోజనానికి లేపలేం. అందులో మనుషులు ఓడెక్కి భూమి నడిబొడ్డుకు పోతారు. ఆ ఓడ చేసిన లోహం వేడి, ఒత్తిడి పెరిగేకొద్దీ గట్టిపడుతుందట! ఆ మాట రాగానే ఆయన రిమోట్‌తో ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినిపిస్తారు. “ఇది నాలుగు కిలోలు దొరికుంటే మేమంతా ముందే పింఛను తీసుకునేవాళ్లం గురువుగారూ” అని కడుపుబ్బ నవ్వుతారు.

‘2012’ను మరీ అంత తీసిపారేయక్కర్లేదు కూడా. కథ మొదలయ్యేది భారతదేశంలో, ఒక లోతైన గనిలో. అలాంటి గని నిజంగానే ఉంది. తెలుగు, తమిళ కార్మికులు చెమటోడ్చిన కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో భారత్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి, కాస్మిక్ కిరణాలు వాతావరణంలో పుట్టించే న్యూట్రినోల జాడ పట్టారు. సినిమావాళ్లు గని వరకూ సరిగ్గానే దిగారు, దారి తప్పింది ఆ తర్వాతే.

హేతువాదులై ఉండి ఈ చెత్త చూడ్డమేంటని మమ్మల్ని అడుగుతారు. ఈ సినిమాల్లో మోసం లేదు. అబద్ధమని చెప్పే అమ్ముతారు, తెలిసే కొంటాం, లైట్లు వెలిగాక కూడా నమ్మమని ఎవరూ మన గుమ్మం తొక్కరు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి నాడు అలా జరగలేదు. పంచాంగం లెక్కన మకరరాశిలో ఎనిమిది గ్రహాలు కూడాయి, లోకం మునుగుతుందన్నారు. దేశమంతటా హోమాలు చేయించారు. సముద్రాన్ని పొంగించడంలో సూర్యచంద్రుల ముందు మిగతా గ్రహాలన్నీ కలిసినా లెక్కలోకి రావు. ఏమీ జరగలేదు. హోమాల వల్లే జరగలేదన్నారు!

అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ సంగతి వేరు. అది నిజంగా పైనుంచి పడిన వస్తువే. 1979 జులైలో తెలంగాణ పల్లెల్లో జనం ఎలాగూ పోయేదే కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నారని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. దాని ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఆ పల్లెజనాన్ని చూసి నాకు నవ్వు రాదు. వాళ్ల భయానికి కనీసం ఇనుప ముక్కంత ఆధారం ఉంది.

నన్ను గిల్లేది ‘ది డే ఆఫ్టర్ టుమారో’. అందులో పైనుంచి దిగిన గాలి మనుషుల్ని నిలబడినచోటే గడ్డకట్టిస్తుంది. కిందికి దిగే గాలి ఒత్తిడికి లోనై కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది, అంటే ఫిజిక్సు తలకిందులు. అయితే ఒక సీను మాత్రం అక్షరాలా నిజం: శాస్త్రవేత్త లెక్కలతో వచ్చి హెచ్చరిస్తాడు, ఉపాధ్యక్షుడు ఖర్చెక్కువని కొట్టిపారేస్తాడు. తుపాను కంటే ఆఫీసునే బాగా తీశారు.

చాంద్రాయణగుట్టకు ప్రళయం ఆకాశం చీల్చుకుని రాలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు బండ్లగూడ దగ్గర ప్రహరీ గోడ ఇళ్ల మీద కూలి, పసిబిడ్డతో సహా పలువురి ప్రాణాలు పోయాయి. 17 రాత్రి గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. ఫ్రిజ్‌లు, పరుపులు, పిల్లల పుస్తకాలు అన్నీ ఒకే రంగు బురదయ్యాయి. ఆ వారంలో ఒక వీధిలో “అల్లా మర్జీ” అన్నారు, పక్క వీధిలో “మా రాత” అన్నారు. ఈ ఒక్క విషయంలో రెండు మతాలకూ పేచీ లేదు. చెరువు శిఖం భూమిలో ఇళ్లెలా లేచాయి, నాలా ఎందుకు ఇరుకైంది, కట్టను చివరిసారి ఎవరు చూశారు అన్న ప్రశ్నలు ఆ రెండు మాటల కింద కొట్టుకుపోయాయి.

1908 వరదలో మూసీ శాంతించాలని నిజాం హారతి ఇచ్చాడని ఈ ఊళ్లో కథగా చెప్పుకుంటారు. తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ హారతి కథ చెప్పడానికి ఎవరైనా ముందుకొస్తారు. గండిపేట గేట్లు ఎన్నని అడగండి, మాట మార్చేస్తారు.