రోబో తెరపై గీతను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రోస్టేట్ అక్రోటు కాయంత గ్రంథి. అంగస్తంభనకు తోడ్పడే సన్నని నాడులు దాని పక్కల నుంచే వెళ్తాయి. మూత్రాన్ని అదుపులో ఉంచే కండరం దాని కిందే ఉంటుంది. క్యాన్సర్ వల్ల ఈ గ్రంథిని తొలగించేటప్పుడు కోత మరీ దగ్గరగా పడితే కణితి మిగిలిపోవచ్చు. దూరంగా జరిగితే నాడులు దెబ్బతినవచ్చు. కొద్ది మిల్లీమీటర్లే రోగి తర్వాతి జీవితాన్ని నిర్ణయిస్తాయి.

2000లో అమెరికాలో అనుమతి పొందిన డా విన్సీ వంటి రోబోలు సర్జన్‌కు పెద్దదిగా, త్రీడీలో దృశ్యాన్ని చూపిస్తాయి. అయితే కెమెరా చూసేది పైపొరనే. లోపలి కణితిని చూపేందుకు, ముందుగా తీసిన ఎంఆర్ఐతో త్రీడీ నమూనా తయారుచేసి ఆపరేషన్ దృశ్యంపై పరిచే పద్ధతులు వస్తున్నాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎంఆర్ఐ తీసినప్పుడు ఉన్న ఆకారం ఆపరేషన్‌లో ఉండదు. పొట్టలోకి గ్యాస్ నింపుతారు, తలవైపు కిందికి వంచుతారు, మూత్రాశయాన్ని పక్కకు తప్పిస్తారు, గ్రంథిని పరికరాలతో లాగుతారు. మెత్తని కణజాలం సాగుతుంది, జరుగుతుంది. అప్పటికప్పుడు తీసే అల్ట్రాసౌండ్ ఈ తేడాను కొంత సరిచేస్తుంది. కానీ రెండు చిత్రాలను జోడించడంలోనూ కొంత దోషం తప్పదు.

దోషం ఉండటం తప్పు కాదు, దాన్ని దాచడమే తప్పు. ఏ కొలతకైనా దోష పరిమితి రాయాలని భౌతికశాస్త్ర విద్యార్థికి మొదట్లోనే నేర్పుతారు. ఆపరేషన్ తెరకూ అదే నియమం వర్తించాలి. కణితి అంచును సన్నని గీతగా కాక, దోషాన్ని బట్టి వెడల్పు మారే పట్టీగా చూపాలి. పొందిక చెడితే బొమ్మ దానంతటదే మసకబారాలి.

ఇలాంటి బొమ్మలు రోగికి వివరించడానికి, యువ సర్జన్ల శిక్షణకు బాగా పనికొస్తాయి. కోతకు దారి చూపాలంటే మాత్రం కఠినమైన పరీక్ష అవసరం. బ్రిస్బేన్‌లో 326 మందితో జరిపిన అధ్యయనం 2016లో లాన్సెట్‌లో వెలువడింది. శస్త్రచికిత్స తర్వాత 12 వారాలకు మూత్ర నియంత్రణలో, లైంగిక సామర్థ్యంలో రోబో పద్ధతికీ, సాధారణ పద్ధతికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చూపు మెరుగుపడినంత మాత్రాన ఫలితం మెరుగుపడుతుందని అనుకోలేం.

కాబట్టి కొత్త చిత్రాల వ్యవస్థ కొనే ఆసుపత్రులు రెండు ప్రశ్నలు అడగాలి: దోషం ఎన్ని మిల్లీమీటర్లు? రోగుల్లో కణితి మిగలడం, మూత్రం లీకవడం తగ్గాయా? జవాబు వచ్చేదాకా ఆ గీత సర్జన్‌కు ఒక సూచన మాత్రమే.