7.3 శాతం మీద నడిచిన రైళ్ళు

2016 జనవరిలో ఒక కథ ప్రపంచమంతా చక్కర్లు కొట్టింది. మీకూ ఎవరో ఒకరు పంపే ఉంటారు. జపాన్లో ఎక్కడో మంచు కొండల మధ్య ఒక స్టేషను, అక్కడ రోజూ ఎక్కేది ఒక్క స్కూలు పిల్ల, ఆ పిల్ల చదువు పూర్తయ్యేదాకా నష్టం వచ్చినా సరే రైలు ఆపుదామని రైల్వే కంపెనీ నిర్ణయించుకుందట. కింద "మనవాళ్ళు ఎప్పుడు నేర్చుకుంటారో" అని ఒక నిట్టూర్పు కూడా. ఇప్పటికీ ఏదో ఒక గ్రూపులో కొత్త వార్తలా ప్రత్యక్షమవుతూనే ఉంటుంది.

కథలో నిజం బొత్తిగా లేదని కాదు. హొక్కైడో దీవిలో సెకిహొకు లైను మీద అలాంటి చిన్న స్టేషన్లు మూడుండేవి: కామి-షిరతాకి, క్యూ-షిరతాకి, షిమో-షిరతాకి. మూడిటినీ 2016 మార్చి 26న మూసేశారు. మనకొచ్చే ఫార్వర్డుల్లో చాలావాటిలో కామి-షిరతాకి అని ఉంటుంది గానీ, హైస్కూలు అమ్మాయి ఎక్కింది క్యూ-షిరతాకిలో. ఇక మార్చిలోనే ఎందుకు మూశారంటారా, జేఆర్ కంపెనీలు ఏటా టైంటేబుల్ మార్చేది మార్చిలోనే. జపాన్లో చదువుల సంవత్సరం ముగిసేదీ మార్చిలోనే. రెండూ ఒకే నెలలో పడ్డాయి, మిగతా మసాలా మనం కలుపుకున్నాం.

నాకు ఇంతకన్నా ఆసక్తిగా అనిపించిన విషయం ఇంకోటుంది. సరిగ్గా అదే రోజు, 2016 మార్చి 26న, అదే కంపెనీ హొక్కైడో షింకన్‌సెన్ మొదలుపెట్టింది. అదేనండీ, బుల్లెట్ ట్రైను. ఒక చేత్తో మూడు స్టేషన్లకి తాళం, ఇంకో చేత్తో బుల్లెట్ ట్రైనుకి రిబ్బను. మరి ఇది దయగల కంపెనీయా, దయలేని కంపెనీయా అంటే, రెండూ కాదంటాను నేను. 1987లో ఎవరో రాసిపెట్టిన ఒక లెక్కకి బందీ అయిపోయిన కంపెనీ. ఆ లెక్క గురించే ఈ టపా.

కాస్త వెనక్కి వెళ్దాం. జపాన్ జాతీయ రైల్వేకి 1964 నుంచీ నష్టాలే. (మొదటి షింకన్‌సెన్ పరుగెత్తింది కూడా ఆ ఏడాదే, అదో తమాషా.) 1987 నాటికి అప్పు 37 లక్షల కోట్ల యెన్లు దాటింది. ఇక లాభం లేదని 1987 ఏప్రిల్ 1న దాన్ని ముక్కలు చేశారు. ప్రయాణికుల రైళ్ళకి ప్రాంతానికొకటి చొప్పున ఆరు కంపెనీలు, సరుకు రవాణాకి దేశం మొత్తానికి ఒకటి. తూర్పు కంపెనీకి టోక్యో దక్కింది. మధ్య కంపెనీకి టోక్యో-ఒసాకా షింకన్‌సెన్ అనే బంగారు బాతు దక్కింది. పడమటి కంపెనీకి ఒసాకా దక్కింది. మిగిలిన మూడూ దీవుల కంపెనీలు: హొక్కైడో, షికోకు, క్యూషూ.

హొక్కైడోకి ఏం దక్కింది? విస్తీర్ణంలో మన తెలంగాణలో దాదాపు ముప్పావు వంతుండే దీవి. జనం మాత్రం 50 లక్షల చిల్లర. అందులో ఇంచుమించు 20 లక్షల మంది ఒక్క సప్పోరో నగరంలోనే. మిగతాదంతా అడవి, కొండలు, పొలాలు, మూతపడ్డ బొగ్గు గనులు, ఏడాదిలో నాలుగైదు నెలలు మంచు. పట్టాల మీద మంచు ఎత్తిపొయ్యడానికే ప్రత్యేకంగా బళ్ళు, మనుషులు కావాలి. ఇలాంటి చోట టికెట్ల డబ్బుతో రైల్వే నడవదని ముక్కలు చేసినవాళ్ళకీ తెలుసు. వాళ్ళేం అమాయకులు కాదు.

అందుకే ఒక ఉపాయం వేశారు. హొక్కైడో కంపెనీకి పుట్టుకతోనే 68,220 కోట్ల యెన్ల నిధి ఇచ్చారు. అసలు ముట్టుకోకూడదు, వడ్డీతో నష్టం పూడ్చుకోవాలి. షికోకుకి, క్యూషూకి కూడా ఇలాగే తలా ఒక నిధి. ఎంత వడ్డీ వస్తుందనుకున్నారు? ఏడాదికి 7.3 శాతం. అంటే 68,220 కోట్లకి ఏటా దాదాపు 4,980 కోట్లు. రైళ్ళు నడిపితే వచ్చే నష్టం అటు ఇటుగా అంతే ఉంటుందని అంచనా. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది కదా!

మా ఫీల్డులో దీన్ని హార్డ్‌కోడింగ్ అంటారు. రేపు మారే అవకాశం ఉన్న విలువని ఎప్పటికీ మారదన్నట్టు ప్రోగ్రాములో నేరుగా రాసెయ్యడం. రాసిన రోజు అన్ని టెస్టులూ పాసవుతాయి. రాసినవాడు ప్రమోషన్ తీసుకుని వెళ్ళిపోతాడు. ఏళ్ళ తర్వాత ఎవడో కుర్రాడు అర్ధరాత్రి కూర్చుని తల పట్టుకుంటాడు.

సరే, ఏమైంది? మొదట్లో కొన్నాళ్ళు ఆ రేటు దొరికేలా ప్రభుత్వమే చూసింది. ఈలోపు 1990ల్లో జపాన్ ఆర్థిక వ్యవస్థ బుడగ పగిలింది. 1999లో కేంద్ర బ్యాంకు వడ్డీ రేటుని సున్నాకి తెచ్చింది. 2016 జనవరిలో ఏకంగా సున్నా కిందకి దించుతున్నట్టు ప్రకటించింది. గమనించారా, మనమంతా ఆ స్కూలు పిల్ల కథ పంచుకుంటున్న నెల అదే! అప్పటికి నిధి మీద రాబడి మొదటి అంచనాలో దాదాపు సగానికి పడిపోయింది. వడ్డీ తగ్గిందని మంచు తక్కువ కురవదు, పట్టాల అరుగుదల తగ్గదు. పైగా హైవేలు పెరిగాయి, కార్లు పెరిగాయి, ఊళ్ళు ఖాళీ అయ్యాయి.

కంపెనీ ఏం చెయ్యగలదు? మనుషుల్ని తగ్గించింది, ఖర్చులు తగ్గించింది. 2011 మే 27న సెకిషో లైనులో ఒక ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, సొరంగంలో ఆగి తగలబడింది. 79 మంది గాయపడ్డారు. ఎవరూ చనిపోకపోవడం అదృష్టం. 2013 సెప్టెంబర్లో ఓనుమా దగ్గర గూడ్సు పట్టాలు తప్పింది. తీగ లాగితే డొంకంతా కదిలింది. పట్టాల మధ్య దూరం పరిమితి దాటిందని తెలిసీ చాలాచోట్ల బాగుచెయ్యకుండా వదిలేశారు, కొలతల రికార్డులు దిద్దారు. ఇదంతా డబ్బు లేకపోవడం వల్లే అని నేననను. తప్పుడు కొలత రాయమని వడ్డీ రేటు ఎవరికీ చెప్పదు, ఆ తప్పు రాసినవాళ్ళదీ రాయించినవాళ్ళదీ. కానీ ఏళ్ళ తరబడి మరమ్మతుల్ని వాయిదా వేసుకుంటూ బతికే చోట ఇలాంటివి పుట్టకపోతేనే ఆశ్చర్యం.

చివరికి 2016 నవంబర్లో కంపెనీ చేతులెత్తేసింది. పది లైన్లలో 13 సెక్షన్లు, మొత్తం 1,237 కిలోమీటర్లు, మా ఒక్కరి వల్ల కాదు అని బహిరంగంగా చెప్పింది. తన నెట్‌వర్కులో దాదాపు సగం అన్నమాట! వాటిలో అన్నిటికన్నా బలహీనమైన ఐదు సెక్షన్ల సంగతి చూడండి. యూబరి శాఖ 2019లో పోయింది. సప్పోరో నుంచి షిన్-తొత్సుకావా వైపు వెళ్ళే లైను చివరి ముక్క 2020లో పోయింది. 2015లో సముద్రపు అలలకి దెబ్బతిన్న హిదకా లైను మళ్ళీ తెరుచుకోకుండానే 2021లో చాలావరకు పోయింది. నెమురో లైనులో ఫురానో-షింతొకు మధ్య భాగం 2024లో పోయింది. రుమోయి లైనులో ఎక్కువ భాగం 2023లో పోగా, మిగిలిన ముక్కకి 2026 మార్చి 31 చివరి రోజుగా ఖరారు చేశారు. 1987లో 3,200 కిలోమీటర్లకి దగ్గరగా ఉన్న నెట్‌వర్కు 2024 నాటికే 2,300 లోపుకి వచ్చేసింది.

షిన్-తొత్సుకావా సంగతి చెప్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆఖర్లో అక్కడికి రోజుకి ఒక్కటే రైలు. పొద్దున్న పదింటికి బయల్దేరేది. అదే మొదటి రైలు, అదే చివరి రైలు. "చివరి రైలు జపాన్ మొత్తంలో అందరికన్నా ముందు వెళ్ళిపోయే స్టేషను" అని పేరొచ్చి, దాన్ని చూడ్డానికి పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. 2020 మేలో వీడ్కోలు చెప్దామనుకుంటే కరోనా వచ్చి, జనం గుమిగూడతారని ఏప్రిల్ 17నే ఆపేశారు.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. "ఎక్కేవాళ్ళే లేనప్పుడు రైలెందుకు బాబూ, బస్సు వేస్తే పోలా?" న్యాయమైన ప్రశ్నే. కొన్నిచోట్ల నా జవాబు కూడా బస్సే. యూబరి చూడండి. ఒకప్పుడు లక్ష దాటిన జనాభా ఉన్న బొగ్గు ఊరు, ఇప్పుడు పదివేలు కూడా లేరు. ఆ మునిసిపాలిటీ 2007లో దివాలా తీసింది. 2016లో అక్కడి మేయరు సుజుకి నవొమిచి తనే కంపెనీ దగ్గరకెళ్ళి, "16 కిలోమీటర్ల మా లైను మూసెయ్యండి, బదులుగా బస్సులకి సాయం చెయ్యండి" అని బేరం పెట్టాడు. ఎలాగూ పోయేదాన్ని పట్టుకు వేలాడకుండా, పోయేలోగా ఊరికేం రాబట్టుకోవచ్చో చూశాడు. ఆయనే 2019లో హొక్కైడో గవర్నరయ్యాడు. ఆ పద్ధతి అన్ని ఊళ్ళకీ పనికొస్తుందా అనేది వేరే సంగతి, ఆ ఊరికి మాత్రం అది తెలివైన పనే.

కానీ ప్రతి సెక్షన్నీ విడదీసి, "రోజుకి కిలోమీటరుకి ఎంతమంది" అనే ఒక్క కొలతతో తూచడం నాకు నచ్చదు. మళ్ళీ మన షిరతాకి స్టేషన్లున్న సెకిహొకు లైనే తీసుకుందాం. 2016 జాబితాలో అదీ ఉంది. జపాన్లో ఉల్లిపాయలకి పేరుమోసిన కితమి ఆ లైను మీదే ఉంది. కోతల కాలం నుంచి ఆ ఉల్లిపాయల కోసం ఒక గూడ్సు నడుస్తుంది, జనం దాన్ని ఉల్లిపాయల రైలనే పిలుస్తారు. ప్రయాణికుల్ని లెక్కపెట్టే కొలతలో ఆ ఉల్లిపాయలు ఎక్కడా కనపడవు. పైగా సరుకు కంపెనీ పట్టాల వాడకానికి కట్టే అద్దె, తన రైళ్ళ వల్ల అదనంగా అయ్యే ఖర్చు మేరకే ఉండాలన్నది 1987 నాటి నియమం. అంటే టోక్యోలో ఉల్లిపాయ ధరని అదుపులో ఉంచుతున్నది, నష్టాల్లో ఉన్న హొక్కైడో కంపెనీ పట్టాలు. ఆ మేలు ఎవరి పద్దులో రాస్తున్నారు? ఎవరి పద్దులోనూ లేదు.

ఒకే కంపెనీగా ఉన్నప్పుడు టోక్యో లాభం హొక్కైడో మంచుని ఊడ్చేది. మన దగ్గర బొగ్గు, ఇనప ఖనిజం మోసిన డబ్బు పాసింజరు టికెట్టు భారాన్ని మోస్తున్నట్టే. ముక్కలు చేసినప్పుడు ఆ దారి తెగింది, దాని స్థానంలో వడ్డీ వచ్చి కూర్చుంది. సంపాదించేవాడిని ఒక ఇంట్లో, ఖర్చయ్యేవాడిని ఇంకో ఇంట్లో పెట్టి, మధ్యలో బ్యాంకు వడ్డీ మీద భారం వేశారు.

ఎదురు వాదన కూడా వినాలిగా. పాత జాతీయ రైల్వే గొప్పగా ఏం నడవలేదు. ఊరికో లైను వేయించిన రాజకీయ నాయకులు, సమ్మెలు, పెరుగుతూ పోయిన అప్పు. ముక్కలు చేశాక తూర్పు, మధ్య, పడమటి కంపెనీలు బాగుపడ్డాయి, మూడూ 1990ల్లోనే స్టాక్ మార్కెట్టుకెక్కాయి. దీవుల కంపెనీల్లో క్యూషూ కూడా 2016 అక్టోబర్లో ఎక్కింది. మరి క్యూషూ చెయ్యగలిగింది హొక్కైడో ఎందుకు చెయ్యలేదు? క్యూషూలో హొక్కైడోకి రెట్టింపు కన్నా ఎక్కువ జనం ఉన్నారు, ఫుకుఓకా చుట్టూ వరసగా నగరాలున్నాయి. స్టేషన్ల మీద మాల్సు, ఫ్లాట్లు కట్టి ఆ డబ్బుతో నిలబడింది. హొక్కైడో కూడా 2003లో సప్పోరో స్టేషను పైన టవరు కట్టింది. కానీ సప్పోరో ఒక్కటే కదా, ఎన్ని టవర్లు కడతారు? కాబట్టి నా గొడవ ప్రైవేటు, ప్రభుత్వం అనే దాని మీద కాదు. తూర్పు కంపెనీకి సరిపోయిన చొక్కానే హొక్కైడోకీ తొడిగి, పొట్టైన చోట వడ్డీ అతుకు వెయ్యడం మీద.

ఇందులో అసలు వింత ఏంటంటే, హొక్కైడో కంపెనీ షేర్లన్నీ ఇప్పటికీ ఒక ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉన్నాయి. వడ్డీ సరిపోవట్లేదని ఆ సంస్థే కంపెనీ నిధిలోంచి మార్కెట్ రేటు కన్నా ఎక్కువ వడ్డీకి అప్పు తీసుకుంటుంది! అంటే ఇస్తున్నది సబ్సిడీయే, దానికి "వడ్డీ" అని పేరు. 2021లో చట్టం మార్చి సాయాన్ని ఇంకా పొడిగించారు. ఇస్తూనే ఉన్నారు, కానీ ఇస్తున్నామని సూటిగా చెప్పరు. సూటిగా చెప్తే ఎందుకు, ఎంత, ఏ లైనుకి అనే చర్చ జరగాలి. వడ్డీ అంటే ఆ చర్చ అక్కర్లేదు.

నా ఉద్దేశంలో చెయ్యాల్సినవి మూడు. ఒకటి, ఏ లైను ఉండాలో పార్లమెంటు, హొక్కైడో ప్రభుత్వం, ఊళ్ళు కలిసి తేల్చాలి. ఉండాలి అన్నదానికి ఏటా బడ్జెట్లోంచి డబ్బివ్వాలి. రోడ్డు వేసినప్పుడు అది లాభంలో ఉందా అని ఎవరూ అడగరు, పట్టాలనే ఎందుకు అడగాలి? రెండు, ఉల్లిపాయలు మోసే పట్టాల అద్దె అసలు ఖర్చుకి దగ్గరగా ఉండాలి, రైతు మీద పడకుండా ఆ తేడాని దేశం భరించాలి. మూడు, అక్కర్లేదు అనుకున్న లైనుని పట్టాలు ఊడి, రైళ్ళు రోజుకి ఒకటయ్యేదాకా ఎండగట్టకుండా, యూబరిలా ముందే బస్సు సంగతి తేల్చుకుని గౌరవంగా మూసెయ్యాలి.

మిగిలిన ఎనిమిది సెక్షన్ల విషయంలో 2024 మార్చిలో ప్రభుత్వం ఇచ్చిన ఆదేశం, 2026 ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా దారి తేల్చమంటోంది. సెకిహొకు లైను కూడా వాటిలో ఒకటి. ఆ లైను నిలబడితే ఎవరో దయ తలచి కాదు, ఎవరు ఎంత కట్టాలో ముందే ఒప్పుకుని సంతకం పెట్టారు కాబట్టి నిలబడాలి. దయ మీద నడిచే రైలు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. వడ్డీ మీద నడిచే రైలు ఎలా ఆగుతుందో చూస్తూనే ఉన్నాం కదా.