పగలని కెమెరా

బెంగళూరు మెట్రోలో ఆఫీసుకెళ్తుంటే రోజూ ‘కోణనకుంటె క్రాస్’ అని వినిపిస్తుంది. రాజీవ్ గాంధీ హత్య కేసులో శివరాసన్ దొరికింది ఈ ఏరియాలోనేనని ఈమధ్యే తెలిసింది.

1991 మే 21. వైజాగ్‌లో ప్రచారం ముగించుకుని రాజీవ్ మద్రాసు వెళ్లారు. రాత్రి పది దాటాక శ్రీపెరంబుదూరులో మానవబాంబు పేలింది. ఫొటోలు తీయడానికి కుట్రదారులు వెంట తెచ్చుకున్న హరిబాబు కూడా పోయాడు. అతని కెమెరాకి మాత్రం ఏమీ కాలేదు! అందులో పది ఫొటోలు. దండ పట్టుకున్న ధను, తెల్ల కుర్తాలో విలేకరిలా శివరాసన్. మా భాషలో చెప్పాలంటే, సర్వర్ కాలిపోయినా లాగ్ ఫైల్ మిగిలింది. సీసీటీవీలు, సెల్‌ఫోన్లు లేని రోజులు మరి. సిట్ దర్యాప్తుకి ఆ పదే దారి చూపించాయి.

ఆగస్టు 20 పొద్దున కమాండోలు కోణనకుంటె ఇంట్లోకి వెళ్లేసరికి ఏడు శవాలు. అందులో శివరాసన్ ఒకడు. ప్రాణాలతో దొరికుంటే ఏం చెప్పేవాడో! ఆ స్టేషన్ దాటిన ప్రతిసారీ ఇదే అనుకుంటా.