దళితవాడ నీటిని ఏ నమూనా చెబుతుంది?

నంద్యాల జిల్లా కోయిలకుంట్ల ప్రాంతంలో సున్నపురాయి, షేల్ పొరలున్నాయి. షేల్‌లో పగుళ్లు తక్కువైనచోట బోరులో నీరు మెల్లగా ఊరుతుంది. భూగర్భ జలాలను పరిశీలించే ఫిజోమీటరు పైపులో నిలిచిన నీటి గుణం మారిపోతుంది. నైట్రేటు తగ్గి కనిపించవచ్చు. అందుకే ఆ నీటిని తోడేసి, మళ్లీ ఊరాక, సాధారణంగా 24 గంటల్లోపు నమూనా తీయాలి.

తాగునీటిలో లీటరుకు నైట్రేటు 45, ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆగకుండా తీసిన ఒక్క నమూనాతో ఊరి నీరంతా మంచిదని తేల్చేస్తే, ఒకే బోరు మీద ఆధారపడిన దళితవాడ నష్టపోతుంది.

1927లో మహాద్‌లో అంబేద్కర్ పోరాడింది చెరువు నీళ్లు తాగే హక్కు కోసం. ఆ నీళ్లలో ఏముందో తెలుసుకోవడం కూడా మన హక్కే. నమూనా ఏ బోరుది? ఎప్పుడు తోడారు? ఎంతసేపు ఆగారు? గ్రామసభలో అడుగుదాం, సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా తీసుకుందాం.