మహర్ బంగారం, సభ్యత్వపు సరుకు

సిర్గాపూర్ నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. ఆమె భర్త నారాయణ్‌ఖేడ్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో 11 ఏళ్ళుగా ఉపాధ్యాయుడు. వేసవి సెలవుల్లో జీతం రాదు. జహీరాబాద్‌లో ఉన్న ఆయన మేనత్త కుమారుడు ఒక డైరెక్ట్ సెల్లింగ్ సంస్థలో చేరి, ఉద్యోగం మానేసి తనతో రమ్మని పిలుస్తున్నాడు. చేరాలంటే 40 వేల రూపాయల సరుకు కొనాలట. అందుకోసం ఆమె మహర్ బంగారాన్ని కుదువ పెడదామని భర్త అడుగుతున్నారు. “కాదంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది, ఔనంటే నాకు నిద్ర పట్టదు” అని ఆ సోదరి రాశారు.

సోదరీ! ముందుగా మహర్ సంగతి. అది మీ సొత్తు. భార్య మనస్ఫూర్తిగా అందులో కొంత ఇస్తే భర్త నిస్సంకోచంగా తీసుకోవచ్చని అన్నిసా సూరా నాలుగవ ఆయతు చెబుతున్నది. మొహమాటంతో తలూపడం మనస్ఫూర్తిగా ఇవ్వడం కాదు. నిద్ర పట్టని మాట ఆయనతో కూడా చెప్పండి. అయితే ఆయనను దురాశాపరుడని అనుకోకండి. 11 ఏళ్ళు పాఠాలు చెప్పి, ప్రతి వేసవిలో కిరాణా దుకాణంలో ఖాతా పెట్టవలసి వచ్చిన మనిషికి వేరే దారి వెతకాలనిపించడం సహజం.

ఇక వ్యాపారం విషయం. గడప గడపకు తిరిగి సరుకు అమ్మడం మనకు కొత్త కాదు, తక్కువ పనీ కాదు. సైకిలు మీద చీరల మూట కట్టుకొని, అత్తరు సీసాల పెట్టె పట్టుకొని ఊరూరా తిరిగి పిల్లల్ని చదివించిన పెద్దలు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. దైవప్రవక్త (సఅసం) స్వయంగా హజ్రత్ ఖదీజా (రజి) సరుకును తీసుకొని వ్యాపారానికి వెళ్ళారు. ఒకరి సరుకు అమ్మిపెట్టి ప్రతిఫలం తీసుకోవడాన్ని అత్యధిక ధర్మవేత్తలు సమ్మతించారు.

చిక్కు వేరే చోట ఉంది. అత్తరు కొన్నవాడు అత్తరు కోసమే కొన్నాడు. మీ బంధువు చెబుతున్న పద్ధతిలో, 40 వేలు పెట్టి సరుకు కొనే వ్యక్తి ఆ సరుకు కోసం కొంటున్నాడా, తన కింద మరికొందరిని చేర్చి కమీషను పొందాలని కొంటున్నాడా? ఆ ఆశ తీసేస్తే అదే ధరకు ఆ డబ్బాను ఎవరైనా కొంటారా? మా ఇంటి అల్మారాలో ఒక పోషకాహార పొడి డబ్బా నాలుగేళ్ళుగా కూర్చొని ఉంది. దగ్గరి బంధువు మాట కాదనలేక కొన్నది. రెండవ డబ్బా మేము కొనలేదు, ఆయన మళ్ళీ మా ఇంటికి రానూ లేదు.

లెక్క చూడండి. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్చాలనుకుంటే 5, 25, 125, 625, 3,125. ఆరవ మెట్టుకు 15,625 మంది కావాలి. సిర్గాపూర్ చుట్టుపక్కల అన్ని గడపలు ఎక్కడివి? మొదట మీ అన్నదమ్ములు, తర్వాత ఆయన సహోపాధ్యాయులు, ఆ తర్వాత ఆయన దగ్గర చదువుకున్న పిల్లల తండ్రులు. మాస్టారు చెప్పారు కదా అని పత్తి అమ్మిన డబ్బు తెచ్చి ఇచ్చేవారు వీరే. నష్టం వస్తే రేపు ఆయనను నిలదీసేవారూ వీరే. ఈ వ్యాపారంలో అసలు పెట్టుబడి మీ బంగారం కాదు, 11 ఏళ్ళలో ఆయన సంపాదించుకున్న నమ్మకం.

చట్టం కూడా ఇక్కడే గీత గీసింది. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం ప్రకారం అలాంటి పథకం నడపడమే కాదు, అందులో సభ్యులను చేర్చడమూ నేరమే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్‌వే పథకం విషయంలో ఈ చట్టం వర్తిస్తుందన్న వాదననే సమర్థించింది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో అగ్నిప్రమాదం జరిగి ఆరుగురు యువతీయువకులు మరణించారు. నిప్పు ప్రమాదమే. కాని పల్లెల నుండి వచ్చిన ఆ పిల్లలు అక్కడ చేరడానికి ఇంటివారి చేత పెద్ద మొత్తాలు కట్టించారన్న సంగతి ఆ తర్వాతే లోకానికి తెలిసింది.

డైరెక్ట్ సెల్లింగ్ అంతా మోసమని మేము అనడం లేదు. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దీనికి నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం చేరికకు రుసుము అడగరాదు. అమ్మేవానితో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అమ్మేవాడు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా కొనుగోలుదారు ఇంటికి వెళ్ళరాదు. మనుషులను చేర్చినందుకు లాభం పంచే పిరమిడ్ పథకాలు నిషిద్ధం. ధర్మవేత్తల్లో అనేకులు గొలుసుకట్టు వ్యాపారాన్ని అనిశ్చితి, జూదపు పోలిక ఉన్నాయని నిషిద్ధమన్నారు. ఇండోనేషియా ఉలమా మండలి మాత్రం 2009లో షరతులతో దారి చూపింది. నిజమైన సరుకు ఉండాలి, అన్యాయమైన ధర ఉండరాదు, కమీషను వాస్తవంగా జరిగిన అమ్మకం నుండే రావాలి. మీ బంధువు చెప్పే 40 వేలను ఈ షరతుల ముందు పెట్టి చూస్తే “సరుకు” అన్న పేరు ఎంతవరకు నిలుస్తుందో మీరే గ్రహించగలరు.

మా సలహా ఇది. ఆయన ఉద్యోగం మానకూడదు, బంగారం కదపకూడదు. అమ్మకం మీద నిజంగా మక్కువ ఉంటే ఈ వేసవిలో చేతిలో ఉన్న నాలుగైదు వేలతో నోటు పుస్తకాలో, బట్టలో తెచ్చి సంతలో, ఇళ్ళల్లో అమ్మి చూడాలి. ఎవరినీ చేర్చకుండా ఎంత మిగిలిందో పుస్తకంలో రాసుకోవాలి. అమ్మగలిగిన చేయి ఉన్నదో లేదో ఆ రెండు నెలల్లో తేలిపోతుంది.

కాదంటే బంధుత్వం తెగుతుందేమోనని ఉత్తరం చివర అడిగారు. ఆయనను భోజనానికి పిలవండి. గత ఏడాది కమీషను ఎంత వచ్చింది, అందులో తాను స్వయంగా కొన్న సరుకుకు ఎంత పోయింది అని మీ భర్త చేత నిదానంగా అడిగించండి. ఒప్పంద పత్రం నకలు ఒకటి ఇమ్మనండి. ఇస్తే మాకు పంపండి, చదివి వచ్చే సంచికలో రాస్తాము.