లేబుల్ రాసేది సాఫ్ట్‌వేర్.. పూచీ మాత్రం మీది!

కోరుట్లలోనో, మెట్‌పల్లిలోనో ఎరువుల దుకాణానికి వెళ్లినప్పుడు ఓ పురుగుమందు డబ్బా చేతిలోకి తీసుకుని చూడండి. లేబుల్ మీద కోణంగా నిలబెట్టిన చిన్న చదరం కనిపిస్తుంది. దాని కింది సగం ఎరుపు రంగులో ఉంటే ఆ మందు అత్యంత విషపూరితం. పసుపు, నీలం, ఆకుపచ్చ.. ఈ వరుసలో విషం తీవ్రత తగ్గుతుంది. చిన్నప్పటి నుంచి పొలం గట్టున ఆ గుర్తును చూస్తూనే ఉన్నారు. మరి ఏ డబ్బాకు ఏ రంగు వేయాలో ఎవరు తేలుస్తారని ఎప్పుడైనా ఆలోచించారా?

అది డిజైనర్ ఇష్టం కాదు. 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్‌లో దానికో లెక్క ఉంది. పరీక్షలో సగం జంతువుల ప్రాణం తీసే మోతాదు, నోటి ద్వారా ఇచ్చినప్పుడు, శరీర బరువు కిలోకు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎరుపు. 5,000 దాటితే ఆకుపచ్చ. రంగు వెనక లెక్క ఉంది, లెక్క వెనక ఓ కెమిస్టు ఉన్నాడు. ఇవాళ ఆ కెమిస్టు ముందు ఓ సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. కెమిస్ట్రీతో డిగ్రీ చేసి, ‘కోడింగ్ రాకపోతే ఉద్యోగం లేదా?’ అని దిగులు పడుతున్న వాళ్లకు చెప్పాల్సిన కబురు ఇదే.

ఒకే భాషలో ప్రమాద హెచ్చరిక

పురుగుమందులే కాదు, ఫ్యాక్టరీల్లో వాడే యాసిడ్లు, రంగులు, సాల్వెంట్లు అన్నింటికీ హెచ్చరికలు ఉండాలి. దేశానికో తీరుగా ఉంటే వ్యాపారం కష్టం, కార్మికుడికి ప్రమాదం. అందుకే ఐక్యరాజ్యసమితి 2003లో జీహెచ్‌ఎస్ అనే ఉమ్మడి పద్ధతిని ప్రచురించింది. ఎర్ర అంచు చదరంలో తొమ్మిది బొమ్మలు. ‘డేంజర్’, ‘వార్నింగ్’ అనే రెండు హెచ్చరిక పదాలు. ప్రతి ప్రమాదానికీ ఓ కోడ్. హెచ్225 అంటే తేలిగ్గా అంటుకునే ద్రవం, హెచ్314 అంటే చర్మాన్ని తీవ్రంగా కాల్చేది. వీటితో పాటు 16 భాగాల సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. దాన్నే ఎస్‌డీఎస్ అంటారు.

మన దేశంలోనూ భోపాల్ విషాదం తర్వాత వచ్చిన 1989 నాటి నిబంధనలు ప్రమాదకర రసాయనాలకు డేటా షీటు, లేబుల్ ఉండాలంటున్నాయి. ఇక యూరప్‌కు సరుకు పంపితే రీచ్, సీఎల్‌పీ చట్టాలు పాటించాలి. అమ్మే దేశం భాషలోనే షీటు ఇవ్వాలి. కొత్త ప్రమాదం బయటపడితే, గడచిన 12 నెలల్లో సరుకు తీసుకున్న ప్రతి ఒక్కరికీ సవరించిన షీటు పంపాలి. ఓ కంపెనీకి 500 ఉత్పత్తులు, 20 దేశాల్లో కొనుగోలుదారులు ఉన్నారనుకోండి. ఇది చేత్తో అయ్యే పనేనా?

అందుకే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఎస్‌ఏపీ ఈహెచ్‌ఎస్, స్ఫెరా, లిసామ్, కెమ్‌వాచ్ లాంటివి ఈ రంగంలో తెలిసిన పేర్లు. ఉత్పత్తిలో ఏ రసాయనం ఎంత శాతం ఉందో ఇస్తే, నిబంధనల్లోని పరిమితులతో పోల్చి ప్రమాద వర్గం చెబుతుంది. కోడ్‌లకు తగ్గ వాక్యాలను కావాల్సిన భాషలో తెస్తుంది. లేబుల్ సిద్ధం చేస్తుంది.

దశాంశ బిందువు చేసే అనర్థం

అంతా సాఫ్ట్‌వేరే చేస్తే ఇక మీరెందుకు? ఈ ప్రశ్నకు ఓ ఉదాహరణ చాలు. ఫ్లోర్ క్లీనర్‌లో 3 శాతం కాస్టిక్ సోడా ఉందనుకోండి. యూరప్ నిబంధనల్లో 2 శాతం, ఆపైన ఉంటే చర్మాన్ని కాల్చే వర్గంలోకి వస్తుంది. 0.5 నుంచి 2 మధ్య ఉంటే చర్మానికి మంట పుట్టించేది. అంతకన్నా తక్కువైతే ఆ పట్టిక ప్రకారం చర్మానికి సంబంధించిన హెచ్చరిక పడదు. ఎవరో తొందరలో 3 బదులు 0.3 అని కొట్టారు. సాఫ్ట్‌వేర్ తప్పు పట్టదు. హెచ్చరిక లేని లేబుల్ చక్కగా ప్రింటవుతుంది.

అదే కెమిస్ట్రీ ఒంటబట్టిన మనిషి అక్కడ ఉంటే? షీటులో తొమ్మిదో భాగం చూస్తారు. ల్యాబ్ కొలిచిన పీహెచ్ 13 దాటి ఉంది. పీహెచ్ 11.5 దాటితేనే అనుమానించాలని నిబంధనే చెబుతోంది కదా, మరి హెచ్చరిక ఏదీ? అని ఆగిపోతారు. ఆ ఆగడం కోసమే కంపెనీ మీకు జీతం ఇస్తుంది. ఇంటర్‌లో విసుక్కుంటూ చదివిన పీహెచ్ అక్కడ ఓ పనిమనిషి చేతుల్ని కాపాడుతుంది.

షీటు ఉండి కూడా చదవకపోతే ఏమవుతుందో 2020 మే 7న విశాఖ చూసింది. ఆర్‌ఆర్ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలనీ, తనకు తాను పాలిమర్‌గా మారకుండా నిరోధక రసాయనం కలిపి ఉంచాలనీ డేటా షీట్లలో ఏడు, పది భాగాలు చెప్పే మాటే. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున తప్ప పైన కొలిచే ఏర్పాటు లేదనీ, నిరోధకం తగినంత లేదనీ ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. కాబట్టి ఇదేదో కాగితాల పని అనుకోకండి.

సర్టిఫికెట్ కొనకండి, లెక్క నేర్చుకోండి

నిజం దాచడం ఎందుకు, ఈ కొలువులు కోరుట్లలో దొరకవు. రసాయన, ఫార్మా, రంగుల కంపెనీల్లో, వాటికి సేవలందించే సంస్థల్లో, ఎక్కువగా హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉంటాయి. ఎస్‌డీఎస్ ఆథరింగ్, ప్రొడక్ట్ స్టీవార్డ్‌షిప్, రెగ్యులేటరీ అఫైర్స్.. వెబ్‌సైట్లలో ఈ పేర్లతో వెతకండి. బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, కెమికల్ ఇంజినీరింగ్, ఫార్మసీ వాళ్లకు ఇది సహజమైన దారి.

ఇక్కడే ఓ హెచ్చరిక. ‘సాఫ్ట్‌వేర్ నేర్పుతాం, వేలల్లో ఫీజు కట్టండి’ అనే వాళ్ల దగ్గరికి పరుగెత్తకండి. ఏ బటన్ ఎక్కడుందో కంపెనీలో చేరాక కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. ఇంటర్వ్యూలో అడిగేది బటన్ గురించి కాదు, లెక్క గురించి. ఆ లెక్క నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. జీహెచ్‌ఎస్ పుస్తకాన్ని ఐక్యరాజ్యసమితి ఉచితంగానే ఉంచింది. యూరప్ రసాయనాల ఏజెన్సీ తన ఐయూక్లిడ్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇస్తోంది. ఏ రసాయనానికి ఏ కోడ్ ఉందో పబ్‌కెమ్‌లో చూసుకోవచ్చు.

రేపే మొదలుపెట్టండి. కాలేజీ ల్యాబ్‌లో అసిటోన్ సీసా తీసుకోండి. దాని సీఏఎస్ నంబర్ 67-64-1. ఆ నంబర్‌తో డేటా షీటు వెతికి 16 భాగాలూ చదవండి. తర్వాత ఇంట్లో బాత్‌రూమ్ క్లీనర్ సీసా మీద రాసిన రసాయనాలు, శాతాలు ఎక్సెల్‌లో వేసి, మీరే వర్గీకరించి, మీరే లేబుల్ రాయండి. కంపెనీ లేబుల్‌తో పోల్చండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో తేల్చేదాకా వదలకండి. అలాంటివి పది చేసి రెజ్యూమెకు జత చేస్తే, ఏ సర్టిఫికెట్ కన్నా అదే గట్టిగా మాట్లాడుతుంది. హెచ్ కోడ్‌ల వాక్యాలను ఇంగ్లిష్‌లో చదవాల్సి ఉంటుంది కాబట్టి ఆ భాషను పక్కన పెట్టడానికి లేదు. కానీ అనర్గళంగా మాట్లాడటం కన్నా తప్పు లేకుండా చదవడం, రాయడం ముఖ్యం.

చివరగా ఒక్క మాట. మన ప్రాంతంలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ దాదాపు ఉండదు. మీ అన్నో, బావో, నాన్నో అక్కడ క్లీనింగ్ పనిలోనో, పెయింటింగ్ పనిలోనో ఓ డ్రమ్ము మూత తీస్తుంటారు. సిరిసిల్లలో అద్దకం పనిచేసే మనిషి పెరాక్సైడ్ డబ్బా వంచుతుంటాడు. వాళ్లకు చదువు అంతగా రాకపోవచ్చు, బొమ్మ మాత్రం అర్థమవుతుంది. ఆ బొమ్మ సరైనదే పడిందా లేదా అన్నది ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్న ఒకరి మీద ఆధారపడి ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చునేది మీరైతే, ‘ఓకే’ నొక్కే ముందు ఆ డ్రమ్ము మూత తీసే చేతిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.